కొరియా జూనియర్ అమ్మాయిలకు గ్రాండ్ ప్రీ చోట్లు ఎలా దక్కుతాయి?

కొరియా ఫిగర్ స్కేటింగ్ జాతీయ పోటీల్లో, అంటే జనవరి నేషనల్స్‌లో, ముందు నిలిచిన అమ్మాయికి జూనియర్ గ్రాండ్ ప్రీలో (వేర్వేరు ఊళ్లలో జరిగే అంతర్జాతీయ పోటీల వరసలో) ఒక్క పోటీయే దక్కి, ఆమె కంటే వెనకున్న అమ్మాయికి రెండు ఎలా వచ్చాయని అడిగారు. ఈ చోట్లు నేషనల్స్ ర్యాంకును చూసి ఇవ్వరు. కొరియా స్కేటింగ్ యూనియన్ వీటి కోసమే వేసవిలో విడిగా ఒక ఎంపిక పోటీ పెడుతుంది. షార్ట్, ఫ్రీ అనే రెండు ప్రోగ్రామ్‌లూ (సంగీతానికి చేసే ప్రదర్శనలు) కలిపి అక్కడ వచ్చిన స్కోరే లెక్క. జనవరిలో అదరగొట్టిన పిల్ల జులై నాటికి గాయంతోనో, ఇంకా కుదురుకోని కొత్త ప్రోగ్రామ్‌తోనో దిగితే కిందికి జారిపోతుంది.

ఇక చోట్ల లెక్క. ఏ దేశానికి ఎన్ని అన్నది అంతకుముందు జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల ఫలితాలు తేలుస్తాయి. ఇటీవలి సీజన్లలో కొరియా అమ్మాయిలకు పూర్తి కోటా ఉంది: పోటీకి ఇద్దరు చొప్పున, ఏడు పోటీలకు 14 చోట్లు. ఒక్కరు రెండు పోటీలకు మించి ఆడకూడదు. అందరికీ రెండేసి ఇస్తే ఏడుగురితోనే సరి. అందుకే పై ర్యాంకులకు రెండు, కింది ర్యాంకులకు ఒకటి.

ఆ ఒకటికీ రెండుకూ మధ్య తేడా చాలా పెద్దది. ఒక్కో పోటీలో మొదటి స్థానానికి 15 పాయింట్లు, తర్వాత వరసగా 13, 11, 9, 7, 5, 4, 3, 2, 1. డిసెంబర్ ఫైనల్‌కు ఆరుగురే వెళ్తారు. మామూలుగా 22 దరిదాపుల్లో ఉంటేగానీ ఆశ పెట్టుకోలేం. ఒక్క పోటీ ఆడిన అమ్మాయి గెలిచినా 15 దగ్గరే ఆగిపోతుంది. పాయింట్లు సమానమైతే ముందు చూసేది మెరుగైన స్థానం. అంటే 13+9 తెచ్చుకున్న అమ్మాయి 11+11 అమ్మాయి కంటే ముందుంటుంది. జాబితా రాగానే ఎవరికి ఏ ఊరు పడిందన్నదానితో పాటు, అదే పోటీకి జపాన్ నుంచి ఎవరొస్తున్నారో, రెండు పోటీల మధ్య ఎన్ని వారాల ఎడం ఉందో కూడా చూడండి. 2024లో ఐరోపాలోని రీగా, ఒస్త్రావా తర్వాత మూడో పోటీ థాయ్‌లాండ్‌లోని బ్యాంకాక్‌లో. వెంటవెంటనే పడితే ప్రయాణమే సగం ఓపిక తినేస్తుంది, జంప్ సరిదిద్దుకునే వ్యవధీ ఉండదు.

దేశంలో వచ్చిన స్కోరు బయట రాకపోవడానికి కారణం చాలాసార్లు లుట్జ్ అనే జంప్ దగ్గరే దొరుకుతుంది. ట్రిపుల్ లుట్జ్ (గాల్లో మూడు చుట్లు) విలువ 5.90 పాయింట్లు. స్కేట్ బ్లేడు బయటి అంచు మీద నుంచి ఎగరాల్సింది లోపలి అంచుకు వాలిపోతే జంప్‌లను పరిశీలించే ప్యానెల్ 'e' గుర్తు పెడుతుంది, విలువ 4.72కు పడుతుంది. దానికి తోడు తిరుగుడు కూడా తక్కువైందని తేలిస్తే 3.54. కింద పడకపోయినా అంత పోతుంది, జంప్ ఎంత బాగా చేశారని జడ్జీలిచ్చే గ్రేడ్‌లో కోత వేరే. కాబట్టి ఎంపిక పోటీ మొత్తం స్కోరు ఒక్కటే చూసి అంచనాకు రావద్దు, జంప్‌ల పక్కనున్న గుర్తులు చదవండి.

వయసు నిబంధన ఇంకో చిక్కు. సీజన్‌కు ముందు జులై 1 నాటికి 13 నిండి, 19 నిండకుండా ఉంటే సింగిల్స్‌లో జూనియర్. సీనియర్ కనీస వయసు 2023-24లో 16కు, 2024-25లో 17కు పెరిగింది. కొరియా స్కేటర్ షిన్ జియా పుట్టింది 2008 మార్చిలో. 2023, 2024 నేషనల్స్ గెలిచినా సీనియర్ ప్రపంచ పోటీలకు వెళ్లే వీల్లేకపోయింది, 2025-26 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా 2022 నుంచి 2025 వరకు వరసగా నాలుగు ప్రపంచ జూనియర్ రజతాలు తెచ్చింది. మొదటిసారి అమెరికా అమ్మాయి ఇసబో లెవిటో చేతిలో ఒక పాయింటు కూడా తేడా లేకుండా ఓడింది, తర్వాత మూడుసార్లూ జపాన్ అమ్మాయి మావో షిమాదా ముందుంది. ఇలాంటి నిలకడ పతకం కంటే విలువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే తర్వాతి ఏడాది చెల్లెళ్లకు చోట్లు తెచ్చిపెట్టేది ఇదే. దేశం తరఫున వెళ్లినవారిలో మెరుగైన ఇద్దరి స్థానాలు కలిపి 13 దాటకపోతే ప్రపంచ జూనియర్‌కు మూడు చోట్లు, 28 లోపు రెండు. ఒకరు రెండో స్థానంలో ఉంటే ఇంకొకరికి 11 చాలు.

గ్రాండ్ ప్రీ దక్కలేదంటే సీజన్ పోయినట్టు కాదు. ప్రపంచ జూనియర్ జట్టును తేల్చేది మళ్లీ జనవరి నేషనల్సే, వయసు సరిపోయినవారిలోంచి. కాకపోతే కనీస సాంకేతిక స్కోరు ఏదో ఒక గుర్తింపున్న అంతర్జాతీయ పోటీలో సాధించి ఉండాలి, దేశంలో వచ్చింది చెల్లదు. గ్రాండ్ ప్రీ లేని అమ్మాయికి ఏషియన్ ఓపెన్ లాంటి పోటీలు అక్కరకొచ్చేది అందుకే. మీరు చెప్పిన అమ్మాయి అలాంటి దాంట్లో పేరిచ్చిందేమో చూడండి.