ఆ ఎర్ర మచ్చ ఆరుద్ర పురుగే, ఫొటో ఇలా తీసి చూడండి

వాన వెలిశాక పెరట్లో ఎర్రని మఖమల్ ముక్కలాంటిది పాకుతోందని, ఫోన్‌లో తీస్తే కళ్లూ కాళ్లూ లేని ఎర్ర మచ్చలా వస్తోందని రాశారు కదా. అది ఆరుద్ర పురుగు. ఆరుద్ర కార్తె, అంటే జూన్ 22 ప్రాంతం నుంచి రెండు వారాలు, వాటి హడావుడే. విషం లేదు, పిల్లలు ముట్టుకున్నారని టెన్షన్ వద్దు. కాళ్లు లెక్కపెట్టండి, 8 ఉంటాయి. అంటే అసలు కీటకమే కాదు, సాలీడుకు చుట్టం.

ఇక ఫొటో సంగతి. తప్పు మీ ఫోన్‌ది కాదు. చుట్టూ నల్లటి తడి మట్టి ఉండేసరికి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, దాంతో ఎరుపు పేలిపోయి నూగు కనబడదు. ఫోన్ తెర మీద పురుగు కనబడే చోట వేలితో నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగండి. ఎరుపు ముదిరి, వెంట్రుకలు విడివిడిగా తేలతాయి. ఫ్లాష్ అసలు వద్దు. మరీ దగ్గరికి పోతే ఫోకస్ దొరకదు, జానెడు దూరంలో ఆగి 2 రెట్లు జూమ్ చేయండి. నిలబడి పైనుంచి కాకుండా, గోనెపట్టా పరుచుకుని మోచేతులు నేలకు ఆనించి తీయండి.

ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని బిగుసుకుపోతుంది. కదలకుండా కాసేపు ఆగితే ముందు కాళ్లు చాపి మళ్లీ నడక మొదలెడుతుంది, అప్పుడు వరసగా నాలుగైదు ఫొటోలు నొక్కేయండి. అగ్గిపెట్టెలో మాత్రం పెట్టకండి. చిన్నప్పుడు మేం చేసిన పాపమే అది, తెల్లారేసరికి ఎండిపోయేవి.