భానుమతి గురించి రాసే ముందు ఒకసారి విను

అమ్మాయ్,

సినీనటి, గాయని భానుమతి మీద నువ్వు రాస్తున్న పుస్తకంలోంచి పంపిన నలభై పేజీలూ చదివాను. మొదట ఫోన్‌లోనే మొదలుపెట్టాను గానీ పదో పేజీకి కళ్లు లాగేశాయి, ఇక లాభం లేదని మా వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని, ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని మళ్లీ మొదటి నుంచీ చదివాను. భాష బావుంది. వాక్యం ఎక్కడ ఆపాలో నీకు తెలుసు, అది నేర్పితే వచ్చేది కాదు. మొహమాటపడకుండా చెప్పండి బాబాయ్ అన్నావు కాబట్టి చెబుతున్నా: ఈ నలభై పేజీల్లో భానుమతి ఒక్కసారి కూడా పాడలేదు.

కోపం తెచ్చుకోకు. లెక్కపెట్టాను. "మధుర గాయని" పదకొండు చోట్ల ఉంది. "గంధర్వ గానం" నాలుగు చోట్ల. "బహుముఖ ప్రజ్ఞాశాలి" దగ్గరికొచ్చేసరికి లెక్క వదిలేశాను. పాటల పేర్లు ఉన్నాయి, సినిమాల పేర్లు ఉన్నాయి, సంవత్సరాలు ఉన్నాయి. ఆవిడ గొంతు మాత్రం ఎక్కడా వినపడలేదు. భానుమతి పాటే వినని పాతికేళ్ల కుర్రాడు నీ పుస్తకం చదివితే, ఎవరో పెద్దావిడ, చాలా అవార్డులు వచ్చాయట, కోపం ఎక్కువట, అనుకుని పక్కన పెడతాడు.

ఆ కోపం సంగతి ముందు తేల్చుకుందాం. నువ్వు "మిస్సమ్మ" కథతో మొదలుపెట్టావు. అందరూ అక్కడే మొదలుపెడతారు. అందులో గట్టిగా చెప్పగలిగింది ఇంతే: మిస్సమ్మ వేషానికి ముందు అనుకున్నది భానుమతిని, కొంత షూటింగ్ కూడా అయింది, తర్వాత ఆ వేషం సావిత్రికి వెళ్లింది, 1955లో సినిమా వచ్చింది, ఆ తర్వాతిది మనందరికీ తెలుసు. ఇక వరలక్ష్మీ వ్రతం చేసుకుని సెట్‌కి ఆలస్యంగా వచ్చారనీ, నిర్మాత చక్రపాణి గారు క్షమాపణ ఉత్తరం అడిగారనీ, ఆవిడ ససేమిరా అన్నారనీ, తీసిన రీళ్లు తగలబెట్టారనీ ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పుకుంటారు. చెప్పినప్పుడల్లా ఒక తాలింపు గింజ ఎక్కువ పడుతుంది. నువ్వయితే ఏకంగా డైలాగులు రాసేశావు. ఆ గదిలో నువ్వు ఉన్నావా? రాయొద్దనడం లేదు, రాయి. దాని చోటు వచ్చినప్పుడు, అర పేజీలో, "అలా చెప్పుకుంటారు" అని రాయి. మొదటి పేజీలోనే పెట్టావనుకో, పాఠకుడు ఆవిడ నుదుటి మీద "పొగరు" అని చీటీ అంటించేసి మిగతా పుస్తకమంతా ఆ చీటీనే చదువుతాడు. నువ్వే రాసి చూడు: ఇదే పని ఒక హీరో చేస్తే దాన్ని ఏమంటామో. "ఆత్మాభిమానం" అంటాం. పేజీ 6లో వేరే ఆయన గురించి నువ్వూ అదే మాట వాడావు.

నన్నడిగితే 1939లో మొదలుపెట్టు. ఒంగోలు దగ్గర దొడ్డవరం నుంచి వచ్చిన పిల్ల, ఇంకా పద్నాలుగు నిండాయో లేదో, తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకుని, సి. పుల్లయ్య గారు తీస్తున్న "వరవిక్రయం"లో కాళింది వేషం కట్టింది. కట్నం ఇచ్చి కొనే మొగుణ్ణి చేసుకోవడం ఇష్టంలేక ప్రాణం తీసుకునే పిల్ల అది. అందులో త్యాగరాజ కీర్తన పాడింది. "పలుకవేమి నా దైవమా". యూట్యూబ్‌లో దొరుకుతుంది, గరగరలాడుతూ ఉంటుంది, అయినా విను. అంత చిన్నపిల్ల గొంతులో భయం లేదు. సాధన ఉంది, కొంచెం మొండితనం కూడా ఉంది.

ఆ రోజుల్లో పాట ఎలా తీసేవారో నీ పాఠకుడికి చెప్పాలి, నువ్వు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ప్లేబ్యాక్ అన్నది మన తెలుగు సినిమాల్లో ఇంకా అలవాటు కాలేదు. నటించేవాళ్లే కెమెరా ముందు పాడాలి. వాయిద్యాలవాళ్లు కెమెరాకి కనపడకుండా పక్కన ఎక్కడో కూర్చుంటారు. పాడేవాళ్లు తప్పినా, తబలా తప్పినా, ఎవరో దగ్గినా మళ్లీ మొదటి నుంచి. అందుకే అప్పుడు వేషం ఇచ్చేముందు పాడటం వచ్చా అని అడిగేవారు. నాగయ్య గారు, కన్నాంబ గారు, వీళ్లంతా అలా వచ్చినవాళ్లే. నలభైల్లో నేపథ్యగానం వచ్చింది. ఇక మొహం ఒకరిది, గొంతు ఒకరిది. అందంగా ఉంటే చాలు, పాట సంగతి లీల చూసుకుంటుంది, జిక్కి చూసుకుంటుంది, తర్వాత సుశీల చూసుకుంటుంది. ఆ వరదలో పాడే నటులు ఒక్కొక్కరే పాట మానేశారు. భానుమతి మానలేదు. రామారావుకి ఘంటసాల పాడితే భానుమతికి భానుమతే పాడుకుంది. పరిశ్రమ అంతా ఒక పద్ధతికి అలవాటు పడ్డాక దాన్ని నేను ఒప్పుకోను అని పదేళ్లు కాదు, జీవితాంతం కూర్చోవడానికి ఏం కావాలో ఆలోచించు. నువ్వు పొగరు అన్నావే, అది ఇదే. నీ పుస్తకం దీని మీద నిలబడాలి, మిస్సమ్మ గొడవ మీద కాదు.

ఇప్పుడు నీకో పని. "మల్లీశ్వరి" తీసుకో. 1951. బి.ఎన్. రెడ్డి గారి సినిమా, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. "మనసున మల్లెల" పాట మూడుసార్లు పెట్టు. మొదటిసారి కళ్లు మూసుకుని విను. రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేసి బొమ్మ మాత్రమే చూడు. మూడోసారి రెండూ కలిపి. రెండోసారి చూసేటప్పుడు ఆవిడ మెడ దగ్గర చూడు, ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో గమనించు. వేరేవాళ్ల గొంతుకి పెదాలు కలిపే నటులు చాలామంది ఊపిరి తప్పు చోట తీసుకుంటారు, పాట ఇంకా సాగుతుంటే మొహం మాత్రం విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది. ఇదీ ముందు రికార్డు చేసిన పాటే. కానీ ఆ గొంతు ఎక్కడ ఊపిరి పీల్చిందో మొహమూ సరిగ్గా అక్కడే పీలుస్తుంది, ఎందుకంటే రెండూ ఒక మనిషివే. బావ నాగరాజు కోసం మల్లీశ్వరి ఎదురుచూడటం కూడా ఆ రెండు చరణాల మధ్య ఖాళీలోనే ఉంది. నాకైతే మాటల్లో కంటే అక్కడే ఎక్కువ వినపడుతుంది. ఇది రాయి. "గంధర్వ గానం" తీసేయి.

ఈ మాట నేనేదో పుట్టుకతో తెలుసుకున్నవాణ్ణి కాదు. నీ వయసులో ఒక వారపత్రికకి సినిమా వ్యాసాలు రాసేవాణ్ణి, వ్యాసానికి ఇంత అని ఇచ్చేవారు, ఇవ్వని నెలలూ ఉండేవి. ఒకసారి ఇదే పాట గురించి ఒక పేజీ రాయాల్సి వచ్చింది. డెడ్‌లైన్ టెన్షన్‌లో పాత కత్తిరింపులు ముందేసుకుని, పాట వినకుండానే, "భానుమతి తన గంభీరమైన కంఠంతో" అని గిలికేశాను. అచ్చయిన వారం తిరక్కుండా బందరు నుంచి పోస్టుకార్డు వచ్చింది. చేతిరాత వణుకుతోంది, పెద్దాయనే అయి ఉంటారు. "తమరి వ్యాసం చదివితిని. పాట వింటిరా?" అంతే ఉంది. సంతకం కూడా సరిగ్గా అర్థం కాలేదు. ఆ రాత్రి పక్కింటివాళ్ల టేప్ రికార్డరు అడిగి తెచ్చుకుని విన్నాను. గంభీరం ఎక్కడుంది? గొంతు దాదాపు గుసగుస. తనలో తను పాడుకుంటున్నట్టు ఉంది. సిగ్గేసింది. ఆ కార్డు మూడిళ్లు మారినా నా దగ్గరే ఉంది.

అలాగని ఆవిడకి ఉన్నది ఆ ఒక్క గొంతే అనుకోకు. 1945లో వచ్చిన "స్వర్గసీమ"కి వెళ్లు, అదీ బి.ఎన్. రెడ్డి గారిదే. వీధుల్లో ఆడి పాడే సుబ్బి, సుజాతాదేవి అయ్యి, సంసారం ఉన్న పత్రికా సంపాదకుడిని, అంటే మన నాగయ్య గారిని, కొంగున కట్టుకుంటుంది. "ఓహో పావురమా" ఇందులోదే. దాని వెనక హాలీవుడ్ "బ్లడ్ అండ్ శాండ్"లో రీటా హేవర్త్ మీద తీసిన పాట ఉంది. కాపీ అని ఎవరైనా మూతి విరిస్తే విరవనీ, నువ్వు దాచకు. ఎక్కడో స్పెయిన్ వాసన ఉన్న బాణీ తీసుకుని, కర్ణాటక సంగీతం నేర్చిన గొంతుతో పావురంలా కువకువలాడటం చిన్న సంగతి కాదు. త్యాగరాజ కీర్తన పాడిన పిల్లే ఇదీ పాడింది, మధ్యలో ఆరేళ్లే. ఘంటసాల గారు నేపథ్యగాయకుడిగా తొలిసారి గొంతు కలిపింది కూడా ఈ సినిమాలోనే, ఈవిడతోనే. ఇరవై ఏళ్ల తర్వాత "అంతస్తులు"లో "దులపర బుల్లోడో" విను. ఆ అల్లరి చూస్తే మల్లీశ్వరి పాడిన మనిషేనా అనిపిస్తుంది. ఈ మూడు పాటలు పక్కపక్కన పెట్టి మూడు పేజీలు రాశావంటే నీ నలభై పేజీల కంటే ఎక్కువ చెప్పినట్టు.

పెళ్లి సంగతి నువ్వు పన్నెండు పేజీలు రాశావు. "కృష్ణప్రేమ" షూటింగ్‌లో సహాయ దర్శకుడిగా ఉన్న రామకృష్ణ గారిని ఇష్టపడి 1943లో చేసుకున్నారు, బాగానే ఉంది, మూడు పేజీలు చాలు. మిగతా తొమ్మిదీ తర్వాత జరిగినదానికి ఇవ్వు. కొడుకు పేరు భరణి, ఆ పేరుతోనే సంస్థ, ఆ పేరుతోనే స్టూడియో. "లైలా మజ్ను" తీశారు, "విప్రనారాయణ" తీశారు, "బాటసారి" తీశారు. "చండీరాణి" అయితే ఆవిడే డైరెక్ట్ చేసి, అందులో తనే రెండు వేషాలు వేసి, తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీసింది. అప్పటికి ఆవిడకి ముప్పై కూడా లేవు. నువ్వు దీన్ని "దర్శకురాలిగానూ రాణించారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు! ఆడమనిషి యాక్షన్ అంటే కెమెరా తిరగడం అప్పుడు ఎంత కొత్తో, అది కదా కథ.

"బాటసారి" తప్పకుండా చూడు. బెంగాలీ రచయిత శరత్ బాబు నవలే అది. వితంతువు వేషం, ఆవిడ గొంతు పెంచిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నటన గురించి రాయాలంటే నేను అదే తీసుకుంటాను. జనం సాధారణంగా గయ్యాళి వేషాలే గుర్తుపెట్టుకుంటారు, తర్వాతి రోజుల్లో అవే ఎక్కువ వచ్చాయి మరి. అందులో కొన్ని నాకు నచ్చవు, ఒప్పుకుంటాను, కొన్నిటిలో ఆవిడ ఆవిడనే అనుకరిస్తున్నట్టు ఉంటుంది. అదీ రాయి. అభిమానం ఉన్నవాళ్లు రాయకపోతే, లేనివాళ్లు రాస్తారు, అప్పుడు ఇంకా ఘోరంగా ఉంటుంది. 1984లో "మంగమ్మగారి మనవడు"లో మాత్రం ఆ పెద్దరికం, ఆ దబాయింపు భలే కుదిరాయి. మా ఊళ్లో ఆ సినిమాకి బాలకృష్ణ కోసం వెళ్లిన కుర్రాళ్లు మంగమ్మ గురించి మాట్లాడుకుంటూ బయటికి వచ్చారు, నా కళ్లారా చూశాను.

ఇంకో పెద్ద లోటు. ఆవిడ రచయిత్రి అని నీ పుస్తకంలో రెండు వాక్యాలే ఉన్నాయి. రాసేదానివి, నీకైనా తట్టలేదా? "అత్తగారి కథలు" చదివావా అసలు? ఆవకాయ కథ ఒక్కటి చదివినా చాలు, అత్తగారి పెత్తనం, మడి, జాడీల చుట్టూ జరిగే హడావుడి, పక్కన కోడలి మూతి ముడుపు. స్టూడియోలో అందరూ చూసి బెదిరే మనిషి ఇంట్లో అత్తగారి ముందు నోరు మెదపని కోడలిగా తనని తను చూసుకుని నవ్వుకుంటుంది. పొగరుబోతు అని ముద్ర వేసినవాళ్లకి ఇంతకంటే మంచి జవాబు ఏముంటుంది. "నాలో నేను" ఆత్మకథ ఉంది, దానికి జాతీయ పురస్కారం కూడా వచ్చింది. నువ్వు దాంట్లోంచి చాలా తీసుకున్నావు, కనపడుతోంది. తీసుకో, కానీ ఆత్మకథ కూడా ఒక మనిషి ఒక మూల కూర్చుని చెప్పిన మాటే. ఆవిడ చెప్పింది ఆవిడ చెప్పినట్టుగా రాయి, నువ్వు చూసినట్టు రాయకు. పుట్టిన సంవత్సరం దగ్గరే ఒక్కోచోట ఒక్కో అంకె ఉంది. 1925 సెప్టెంబరు 7 అని ఎక్కువచోట్ల ఉంటుంది, నువ్వు మొదటి అధ్యాయంలో ఒకటి, చివర్లో ఇంకొకటి వేశావు.

అవార్డుల అధ్యాయం తీసేయి. పద్మశ్రీ, పద్మభూషణ్, రఘుపతి వెంకయ్య అవార్డు, అన్నీ ఒక పేరాలో పట్టేస్తాయి. శాలువాల ఫోటోలు ఎవరూ చూడరు.

వచ్చే ఆదివారం ఖాళీగానే ఉంటాను, మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్. మీ పిన్ని గోంగూర చేస్తానంది. హెడ్‌ఫోన్స్ తెచ్చుకో, నా స్పీకర్ ఒక చెవి వినపడదు. కొత్త అధ్యాయం తేవొద్దు, మల్లీశ్వరి పాట మీద రెండు పేజీలు రాసి తీసుకురా, చాలు.

ఉంటాను,
బాబాయ్

మర్చిపోయాను: 23వ పేజీలో "చండీరాణి" 1956 అని పడింది. 1953. దిద్దుకో.