కాల్షియం రోజు మోతాదంతా ఒకేసారి వేసుకోవచ్చా?

వేసుకుంటే ప్రమాదమేమీ లేదు గానీ, ఒక్కో విడతకు 500 మిల్లీగ్రాములు మించకుండా రెండు పూటలుగా వేసుకుంటేనే ఎక్కువ కాల్షియం ఒంటికి పడుతుంది.

చిన్నపేగు గోడలోని కొన్ని ప్రోటీన్లు కాల్షియాన్ని రక్తంలోకి మోసుకెళతాయి. వాటి సామర్థ్యానికి ఓ హద్దుంది. ఒక్కసారిగా ఎక్కువ వచ్చి పడితే అందులో లోపలికి చేరే శాతం తగ్గి, మిగిలింది మలంతో బయటికి పోతుంది. ఈ ప్రోటీన్లు తగినంత తయారవ్వాలంటే విటమిన్ డి కావాలి. అది బాగా తక్కువగా ఉన్నవాళ్లు ఉత్త కాల్షియం ఎంత మింగినా పెద్దగా లాభం ఉండదు.

మాత్ర ఏ రకమన్నదీ చూడాలి. కార్బొనేట్ రకానికి కడుపులో ఆమ్లం అవసరం, కాబట్టి భోజనంతో వేసుకోవాలి. సిట్రేట్ ఎప్పుడైనా ఫర్వాలేదు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు మాత్రం దానికీ కాల్షియం మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం పాటించాలి.

ఇక చాలామంది పొరబడేది లేబుల్ మీది అంకె దగ్గర. ఉదాహరణకు 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని ఉంటే, అందులో అసలు కాల్షియం 40 శాతమే, అంటే 500 మిల్లీగ్రాములు. 500 పరిమితి ఈ అసలు కాల్షియానికే వర్తిస్తుంది.

ఎక్కువ వేసుకుంటే ఎముకలు ఇంకా గట్టిపడతాయన్నదీ అపోహే. పెద్దవాళ్లలో చాలామందికి ఆహారంతో కలిపి రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాములు సరిపోతుంది. తిండిలో వచ్చేది పోను, తగ్గినంత వరకే మాత్ర. అవసరానికి మించి మింగితే కిడ్నీలో రాళ్ల ముప్పు పెరగొచ్చు.