ఏ ప్రాంతపు తేనెలో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ?

న్యూజిలాండ్ తేనె మంచిదా, హంగేరీ తేనె మంచిదా, దేనిలో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ అని అడిగారు. ప్రాంతం పేరు చూసి సీసా ఎంచుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తేనె గుణం ముందు పువ్వుని బట్టి ఉంటుంది. బక్‌వీట్ అనే గింజల పంట పూల తేనె దాదాపు నల్లగా ఉంటుంది, ఫినాలిక్ పదార్థాలు, అంటే యాంటీ ఆక్సిడెంట్లుగా పనిచేసే మొక్కల పదార్థాలు, దండిగా ఉంటాయి. అకేసియా పేరుతో అమ్మే రొబీనియా పూల తేనె తేటగా ఉంటుంది, అవి తక్కువ. ఒకే చోట ఉన్న పెట్టెల్లోంచి కూడా పూత మారితే వేరే రంగు, వేరే గుణం ఉన్న తేనె వస్తుంది.

అలాగని నల్లటి సీసా చూసి కొనేయమని చెప్పను.

చదువుకునే రోజుల్లో ప్రాజెక్టు కోసం ల్యాబ్‌లో రకరకాల తేనెల్ని పరీక్షించాను. డీపీపీహెచ్ అని ఊదారంగు ద్రావణం ఒకటి ఉంటుంది. యాంటీ ఆక్సిడెంట్లు తగిలితే ఆ ఊదా వెలిసిపోయి పసుపు తేలుతుంది. లేత తేనె వేసిన గొట్టాన్ని కాసేపు చీకట్లో ఉంచి తీస్తే ఇంకా ఊదాగానే ఉంది. బక్‌వీట్ తేనె వేసింది పసుపు తిరిగింది. పక్కనే ‘అసలైన అడవి తేనె’ అని లేబుల్ ఉన్న ఇంకో ముదురు రకం. అదీ అంతే చక్కగా పసుపెక్కింది. అందరూ దాన్నే మెచ్చుకున్నారు. నాకు మాత్రం మూత తీసినప్పుడే అనుమానం వచ్చింది. పూల వాసన లేదు, మాడిన పంచదార వాసన. తేనె వేడికి పాడైందో లేదో చెప్పే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం ఎంతుందో కూడా చూడాల్సిందే అని పట్టుబట్టాను.

తేనెను కాచినా, వేడిలో చాలాకాలం నిల్వ ఉంచినా అందులోని చక్కెరల నుంచి ఈ హెచ్‌ఎంఎఫ్ పుడుతుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం కిలోకు 40 మిల్లీగ్రాములు మించకూడదు, ఉష్ణమండల దేశాల తేనెకైతే 80. మా ‘అడవి తేనె’ ఆ 80 కూడా దాటేసింది. దాని రంగు పువ్వు ఇచ్చింది కాదు, వేడి తెచ్చింది. కాగినప్పుడు చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి ముదురు రంగు పదార్థాలు తయారవుతాయి, రొట్టె పైభాగం ఎర్రబడినట్టు. వాటికీ డీపీపీహెచ్ రంగుని పోగొట్టే శక్తి ఉంది. అందుకే పాడైన తేనెకి కూడా ఆ పరీక్షలో మంచి మార్కులు పడ్డాయి! అంత వేడికి డయాస్టేజ్ లాంటి ఎంజైములు మాత్రం దెబ్బతింటాయి. లేబుల్ మీద యాంటీ ఆక్సిడెంట్ అంకె ఒక్కటే వేసి అమ్మడం మీద నాకున్న కోపమంతా ఇక్కడి నుంచి వచ్చిందే.

న్యూజిలాండ్‌లో మనూకా పూల నుంచి వచ్చే తేనె సంగతి వేరు. దాని పేరంతా సూక్ష్మజీవుల్ని అణిచే గుణం వల్ల వచ్చింది, అందుకు ముఖ్య కారణం అందులోని మిథైల్‌గ్లయాక్సాల్ అనే రసాయనం. సీసా మీద దాని అంకె చూసి యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ అనుకోవడం రెండు వేర్వేరు విషయాల్ని కలిపేయడమే. ఇంకో బాధ, పేరుకున్న తేనెను కల్తీ అని పారేయడం. గ్లూకోజ్ శాతం ఎక్కువున్న తేనె త్వరగా గింజకడుతుంది, అంతే. గ్లాసు నీళ్లలో చుక్క వేసి స్వచ్ఛత తేల్చే వీడియోలు దయచేసి నమ్మకండి. చిక్కటి చక్కెర పాకం కూడా అలాగే అడుగుకి దిగుతుంది.

తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. యాంటీ ఆక్సిడెంట్ల కోసమే అయితే పళ్లూ కూరగాయలూ తినండి. తేనెను రుచి కోసం కొనండి, కొనేటప్పుడు ఏ పూతది, ఎప్పుడు తీశారు, తేమ 20 శాతం లోపు ఉందా, హెచ్‌ఎంఎఫ్ ఎంత అని అడగండి. వీటికి జవాబు చెప్పలేని చోట నేను కొనను. ఏడాది నిండని పిల్లలకి మాత్రం ఏ తేనే నాకించకండి, బొటులిజం అనే తీవ్రమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.