గడ్డి కోసే మిషన్‌కి నీళ్లు చూపించకండి

"పెట్రోల్ లాన్ మోవర్‌ని వాడాక నీళ్లతో కడగొచ్చా? వానాకాలం అయ్యాక ఏమేం చూసుకోవాలి?" అని అడిగారు. కడగొద్దు. ఈ ఒక్క మాట చెప్పడానికే రాస్తున్నాను.

మాది విజయనగరం. పోయిన దసరాలకి, పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర చూడ్డానికి చుట్టాలొస్తారని, తొలేళ్ల (సిరిమానుకి ముందురోజు జరిగే పండగ) ముందురోజు ఆదివారం మా బావమరిది ఇంటి ముందు గడ్డి కోయడం మొదలెట్టాడు. ముందు రాత్రి వాన పడింది. తడి గడ్డి బ్లేడు చుట్టూ పేడకడిలా అట్టలు కట్టింది. సగం కోసి ఆపేసి, మిషన్‌ని పక్కకి పడేసి, మోటారు పైపు పెట్టి కొట్టాడు. "చూడు బావా, కొత్తదానిలాగ ఎలా ఉందో!" అన్నాడు. పక్కకి అంటే, ఎయిర్ ఫిల్టర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని వడకట్టేది) నేలవైపుకి.

మర్నాడు నేను తాడు లాగితే కదల్లేదు. గట్టిగా లాగితే చెయ్యి పట్టేసింది. స్పార్క్ ప్లగ్ విప్పి మెల్లగా లాగితే, మిషన్‌ని పడేసినప్పుడు లోపలికి చేరిన ఇంజన్ ఆయిల్ ఆ కన్నంలోంచి చిమ్మి లుంగీ అంతా తడిసింది. ఫిల్టర్ కాగితం చల్లారిన అప్పడంలా నూనె పీల్చుకుని మెత్తబడిపోయింది. కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది) కింద చిన్న గిన్నె ఉంటుంది కదా, అది విప్పి అందులోది గాజు గ్లాసులో పోసి ఎండకి పట్టాను. పైన పెట్రోల్, అడుగున మబ్బుగా ఇంకో పొర. నీళ్లు చేరాయన్నమాట.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ అనే ఆల్కహాల్. అది గాల్లో తేమని పీలుస్తుంది. సముద్రం దగ్గర, ఏడాదిలో సగం రోజులు ఉక్కపోతగా ఉండే మన జిల్లాల్లో నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్ ఉంచితే కార్బురేటర్ పాడవక ఏమవుతుంది? బండికైతే రోజూ తిరుగుతుంది కాబట్టి పర్వాలేదు. ఏడాదికి నాలుగు నెలలు తిరిగే మిషన్ గురించి ఎవరూ ఆలోచించరు.

మెకానిక్‌ని పిలిస్తే మూత కూడా తీయకుండా "ఇంజన్ పోయింది, బోర్ చేయించాలి" అన్నాడు, అంటే సిలిండర్ లోపల మళ్లీ చెక్కించాలని. నాకు ఒళ్లు మండిపోయింది. ట్యాంకు ఖాళీ చేసి, గిన్నె తుడిచి, కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ వేశాను. ప్లగ్ ఆరబెట్టి బిగించి లాగితే కాసేపు తెల్లటి పొగ కక్కి, తర్వాత మామూలుగా తిరిగింది. తొలేళ్ల సాయంత్రానికల్లా గడ్డి అయిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. కోసిన వెంటనే, గడ్డి ఎండి గట్టిపడక ముందే, ముందు ప్లగ్ మీది క్యాప్ పీకేస్తాం. అది పీకకుండా బ్లేడు దగ్గర చెయ్యి పెట్టేవాళ్లని చూస్తే నాకు భయం. చేత్తో బ్లేడు తిప్పినా ఇంజన్ స్టార్టయిపోవచ్చు, వేళ్లు పోతాయి. మిషన్‌ని వంచాల్సొస్తే ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడూ పైకే ఉండాలి. అడుగున చెక్కముక్కతో గీకి, పొడి గుడ్డతో తుడుస్తాం. నీళ్ల పని లేదు. ఫోమ్ ఫిల్టరైతే సబ్బునీళ్లలో పిండి బాగా ఆరాకే పెట్టాలి, కాగితం ఫిల్టరైతే దులపడమే. ఆయిల్ ఎన్ని గంటలకి మార్చాలో మీ మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, బండి మెకానిక్‌ని అడక్కండి.

ఇంకొకటి, గడ్డిని నేలకంటా గొరిగేస్తారు చాలామంది. బ్లేడు రాళ్లకి తగిలి వంకరపోతుంది, గడ్డి వేళ్లు ఎండిపోతాయి. ఒకసారికి గడ్డి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ కోయకండి.

వానలు తగ్గి మిషన్ పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది అయిపోయి దానంతట అదే ఆగేదాకా తిప్పుతాను. ఇటుకల మీద పెట్టి గోనెసంచి కప్పుతాను. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పట్టి తుప్పొస్తుంది.