మోకాలి నొప్పి: అరుగుదలా, కీళ్లవాతమా?

ప్రశ్న: నా వయసు 54. ఏడాదిగా కుడి మోకాలు నొప్పి. మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. పొద్దున లేవగానే పది నిమిషాలు కాలు పట్టేస్తుంది, మడిస్తే కిరకిరమంటుంది. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిందన్నారు. ఇది కీళ్లవాతమా? నడిస్తే ఇంకా అరుగుతుందా?
– ఓ పాఠకురాలు

జవాబు: మీ లక్షణాలు ఆస్టియో ఆర్థ్రైటిస్‌నే, అంటే కీలు అరుగుదలనే సూచిస్తున్నాయి. రుమటాయిడ్ కీళ్లవాతంలో పొద్దుటి బిగువు గంటో, ఆపైనో ఉంటుంది. అరుగుదలలో అరగంటలోపే సడలుతుంది. రుమటాయిడ్ ఎక్కువగా రెండు చేతుల వేళ్ల మొదళ్లనూ మణికట్లనూ పడుతుంది, కీళ్లు మెత్తగా వాస్తాయి. అరుగుదలలో గోటి దగ్గరి కణుపుల్లో గట్టి బుడిపెలు లేస్తాయి, బొటనవేలి మొదలు నొస్తుంది. మోకాలి ఎముక అంచు లావెక్కుతుంది, నొక్కితే నొప్పి పుడుతుంది గానీ పెద్దగా వేడి ఉండదు. ఒంట్లో వాపును పట్టిచ్చే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ సాధారణంగా మామూలుగానే వస్తాయి.

ఇక ఎక్స్‌రే. అందులో గుజ్జు కనిపించదు, ఎముకల మధ్య సందు మాత్రమే కనిపిస్తుంది. పడుకోబెట్టి తీస్తే ఆ సందు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు, నిలబెట్టి తీయాలి. ఫిల్ము ఎంత ఘోరంగా ఉంటే నొప్పి అంత ఉంటుందనుకోవద్దు. 45 ఏళ్లు దాటి, కదిలితే నొప్పి, అరగంటలోపు బిగువు ఉంటే చాలాసార్లు ఎక్స్‌రే లేకుండానే నిర్ధారించవచ్చు. ఫిల్ములో పెద్దగా ఏమీ లేకుండా మోకాలు బాగా నొస్తుంటే తుంటిని కూడా పరీక్షించాలి. తుంటి అరుగుదల నొప్పి గజ్జల్లోనే కాదు, ఒక్కోసారి మోకాల్లోనూ తెలుస్తుంది.

వయసు, అధిక బరువు, దొడ్డికాళ్లు, కుటుంబంలో ఉండటం, గొంతుక్కూర్చుని చేసే పనులు, ఇవన్నీ ముప్పు పెంచేవే. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్లలో ఎక్కువ. మీకు ఒక్క కాలే నొస్తోంది కాబట్టి ఎప్పుడైనా ఆ మోకాలి లిగమెంటో (ఎముకలను కలిపి ఉంచే పట్టీ), మెనిస్కసో (ఎముకల మధ్య మెత్తటి దిండు) దెబ్బతిందేమో గుర్తు చేసుకోండి.

నడక మానకండి. గుజ్జుకు, అంటే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదులుతూ ఒత్తిడి పడి వదులుతుంటేనే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. మానేస్తే తొడ కండరం బలహీనపడి నొప్పి ఇంకా పెరుగుతుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి 5 సెకన్లు ఆపండి. ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకు రెండు పూటలు. వ్యాయామంతో పెరిగిన నొప్పి మర్నాటికీ తగ్గకపోతే మోతాదు తగ్గించండి, పూర్తిగా మానొద్దు. అధిక బరువుంటే కిలో తగ్గినా అడుగడుక్కీ మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోండి. చాలామంది నొప్పి వైపే పట్టుకుంటారు, అది తప్పు. మెట్లు దిగేటప్పుడు ముందు కుడికాలు వేయండి.

మోకాలు ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం అది అరుగుదల కాదు. కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.