డిప్లొమా చదివే అమ్మాయికి ఏ కాలిపర్ కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతోంది. క్వాలిటీ విభాగంలో ఉద్యోగం చేస్తానంటోంది. ఇప్పటి నుంచే చెయ్యి అలవాటు కావాలని సొంతంగా ఒక కాలిపర్ (వస్తువును రెండు దవడల మధ్య పట్టి మందం, వ్యాసం కొలిచే పరికరం) కొనిపెట్టమని అడుగుతోంది. వందల రూపాయల నుంచి వేల దాకా రకరకాలు చూపిస్తున్నారు. ల్యాబ్‌లో ఉన్నది చాలదా? కొంటే ఏది కొనాలి?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: తప్పకుండా కొనిపెట్టండి. ల్యాబ్‌లో ఒక కాలిపర్ చుట్టూ అయిదారుగురు నిలబడతారు. ఒకరు కొలుస్తారు, మిగిలినవారు ఆ అంకెను రికార్డులోకి ఎక్కించుకుంటారు. కొలత చేతికి పట్టుబడాలంటే వందలసార్లు కొలవాలి.

మొదటిది డిజిటల్ వద్దు. 150 మి.మీ. ఉక్కు వెర్నియర్ (ప్రధాన స్కేలు వెంట జారే చిన్న స్కేలు ఉన్న కాలిపర్), లీస్ట్ కౌంట్, అంటే అది చూపగల అతి చిన్న కొలత, 0.02 మి.మీ. ఉన్నది తీసుకోండి. అందులో ప్రధాన స్కేలు మీది 49 మి.మీ. పొడవును వెర్నియర్ మీద 50 భాగాలు చేస్తారు. ప్రధాన స్కేలు మీది ఒక భాగానికీ వెర్నియర్ మీది ఒక భాగానికీ మధ్య మిగిలే తేడాయే ఆ 0.02. ఏ గీత దేనితో కలిసిందో వెతికే కన్ను అలవడితే, రేపు డిజిటల్ పట్టుకున్నా తప్పుడు అంకె దగ్గర ఆమెకు అనుమానం వస్తుంది. డిజిటల్ తెర 0.01 మి.మీ. దాకా చూపిస్తుంది నిజమే. కానీ మిటుటోయో వంటి పేరున్న జపాన్ కంపెనీ కూడా మామూలు 150 మి.మీ. డిజిటల్ కాలిపర్‌కు ఇచ్చే హామీ ±0.02 మాత్రమే. ఈ తేడా తెలియకుండా ఇంటర్వ్యూకు వచ్చే పిల్లలను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ప్లాస్టిక్ కాలిపర్ల జోలికి వెళ్లవద్దు. పెద్ద బ్రాండ్లకు నకిలీలు ఎక్కువ కాబట్టి అధీకృత డీలరు దగ్గరే కొనండి.

దుకాణానికి అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, పరీక్ష ఆమెనే చేయనివ్వండి. దవడలు తుడిచి, మూసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. వెలుగు ఒక కొసన సన్నగా, మరో కొసన లావుగా కనిపిస్తే అది పక్కన పెట్టేయాల్సిందే. సున్నా గీతలు కలవాలి. జారే దవడ మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువుతో నడవాలి, ఎక్కడా పట్టేయకూడదు, ఊగకూడదు. వెళ్లేటప్పుడు మంచి కంపెనీ 608 నంబరు బేరింగ్ కొత్తది ఒకటి కొనుక్కుని వెళ్లండి. దాని బయటి వ్యాసం 22 మి.మీ., అందులో మిల్లీమీటరులో నూరో వంతు కూడా తేడా ఉండదు. పదిసార్లు కొలిస్తే పదిసార్లూ 22 దగ్గరే, మహా అయితే ఒక గీత అటూ ఇటూగా నిలవాలి.

ఇక పట్టు గురించి. కాలిపర్‌లో స్కేలు ఉన్న చోటు, దవడలు ముక్కను పట్టే చోటు ఒకే వరుసలో ఉండవు. గట్టిగా నొక్కితే దవడ కాస్త వాలి కొలత తగ్గిపోతుంది. అందుకే ముక్కను దవడ కొసన కాకుండా స్కేలుకు వీలైనంత దగ్గరగా, మెత్తగా పట్టాలి. లేత్ మీద నుంచి అప్పుడే దించిన వేడి ముక్కను కొలవకూడదు. కాలిపర్ కంటే 20 డిగ్రీలు వేడిగా ఉన్న 100 మి.మీ. ఉక్కు ముక్క దాదాపు 0.023 మి.మీ. సాగి ఉంటుంది.

జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఇంటర్వ్యూలో నేను కూర్చున్నాను. బల్ల మీద ఒక షాఫ్టు, ఒక కాలిపర్ పెట్టారు. చాలామంది నేరుగా కొలిచి అంకె చెప్పేశారు. ఒక అబ్బాయి మాత్రం దవడలు తుడిచాడు, సున్నా చూసుకున్నాడు, షాఫ్టును మూడు చోట్ల తిప్పి తిప్పి కొలిచాడు. తర్వాత డ్రాయింగ్ చూసి, ‘టాలరెన్స్ ±0.01 ఉంది కదండీ, దీనికి మైక్రోమీటర్ ఇస్తారా?’ అని అడిగాడు. టాలరెన్స్ అంటే కొలతలో అనుమతించే తేడా; అంత తక్కువ తేడాను పట్టడానికి కాలిపర్ చాలదని, ఇంకా సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటర్ కావాలని అతను గుర్తించాడు. ఉద్యోగం అతనికే వచ్చింది.

మీ అమ్మాయి దారి కూడా ఇదే: ముందు కాలిపర్, ఆ తర్వాత మైక్రోమీటర్, డయల్ గేజ్ (చిన్న తేడాలను ముల్లుతో చూపే పరికరం), డ్రాయింగ్‌లోని టాలరెన్స్ గుర్తులు, చివరికి సీఎంఎం (ముక్క ఆకారాన్ని మూడు దిశల్లో కొలిచే) యంత్రం. డిప్లొమా అయ్యాక హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కోర్సులను చూడమనండి. ఏడాది తర్వాత ఆమె కాలిపర్‌ను ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ల్యాబ్‌కు, అంటే పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూసే చోటుకు, ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోండి. ఇచ్చేటప్పుడు ఆమె స్వయంగా వెళ్లి, స్లిప్ గేజ్‌లతో (కచ్చితమైన కొలత ఉన్న ప్రామాణిక దిమ్మలతో) ఎలా సరిచూస్తారో పక్కన నిలబడి చూస్తానని అడగాలి. ఒప్పుకుంటే ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టినా ఫరవాలేదు.